బడి ముందా, బండి ముందా?

రేస్ ట్రాక్ మీద తొలిసారి బండి తిప్పాలనుకునేవాళ్లకి సలహాలకు కొదవ లేదు. ముందు స్కూల్లో చేరమంటాడు ఒకడు. సొంత బండి తీసుకుని ట్రాక్ డేకి పో, తిరిగితేనే వస్తుందంటాడు ఇంకొకడు. కార్టింగ్ చెయ్యకుండా కారెక్కడమేమిటని మూడోవాడు విసుక్కుంటాడు. నాలుగోవాడు ఇంట్లోనే స్టీరింగ్ బిగించుకుని సిమ్యులేటర్ ముందు కూర్చోమంటాడు. నలుగురి మాటలోనూ కొంత నిజముంది. అయితే ఒకడు భద్రత గురించి, ఒకడు ఖర్చు గురించి, ఒకడు వేగం గురించి, ఒకడు సరదా గురించి మాట్లాడుతున్నాడు. వినేవాడికి మాత్రం అన్నీ ఒకే ప్రశ్నకు జవాబుల్లా వినిపిస్తాయి. అందుకే ఈ వాదం ఎక్కడ మొదలైందో, ఏ పక్షం ఏమంటోందో, ఏది తేలిందో, ఏది తేలలేదో ఒకసారి వరసలో పెట్టి చూడాలి.

## ఒకే పేరు, నాలుగు పనులు

ముందు మాటల లెక్క తేల్చుకోవాలి. ట్రాక్ డే అంటే నిర్వాహకులు ట్రాక్‌ని ఒక రోజుకు అద్దెకు తీసుకుని, రుసుము కట్టినవాళ్లని సొంత బండ్లతో తిరగనిచ్చే ఏర్పాటు. అందులో పోటీ లేదు, కప్పు లేదు. వేగాన్ని బట్టి జట్లు కడతారు, ఎక్కడ ఎలా దాటాలో ముందే చెబుతారు. స్కూలు అంటే పాఠ్యక్రమం ఉన్నది: తరగతి గది, ఒక్కో సెషన్‌కి ఒక్కో కసరత్తు, వెనకాలే వచ్చి చూసే కోచ్. రేస్ అంటే గ్రిడ్, ఫలితం, జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్సు. వీటికి తోడు ఖరీదైన కార్ల కంపెనీలు తమ కార్లతో, తమ ఖాతాదారుల కోసం జరిపే ‘అనుభవ’ రోజులు ఉన్నాయి. వాటిలో నేర్పేది కొంత, అమ్మేది కొంత.

ప్రకటనల్లో ఈ నాలుగింటి భాషా ఒకటే. ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారన్న ఒక్క వాక్యాన్ని నమ్మి వెళ్తే, ఉదయం పావుగంట సూచనలు చెప్పి తర్వాత కనిపించని ఇన్‌స్ట్రక్టర్లూ ఉండొచ్చు, సాయంత్రం దాకా వెంటాడి దిద్దేవాళ్లూ ఉండొచ్చు. కొత్తవాళ్ల నిరాశల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది.

## రన్‌వే మీద పుట్టిన బడి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో ఖాళీ పడ్డ వైమానిక స్థావరాలు రేస్ ట్రాకులయ్యాయి. సిల్వర్‌స్టోన్, స్నెటర్టన్ అలాంటివే. ఆ స్నెటర్టన్‌లోనే 1957లో జిమ్ రస్సెల్ రేస్ డ్రైవర్ల స్కూలు నడిచింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఎమర్సన్ ఫిట్టిపాల్డి ఆ స్కూలు గుండా వెళ్లి, 1972లోనూ 1974లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అమెరికాలో 1967లో ఘోర ప్రమాదం నుంచి బయటపడ్డ బాబ్ బాండ్యురాంట్ మరుసటేడు కాలిఫోర్నియాలో స్కూలు తెరిచాడు. 1975లో స్కిప్ బార్బర్ స్కూలు వచ్చింది. ఇవన్నీ మొదట రేసర్లను తయారుచేయడానికి పెట్టినవి. కప్పు మీద ఆశ లేని మామూలు డ్రైవరు కోసం పాఠాలు ఆ తర్వాత వచ్చాయి. బీఎండబ్ల్యూ కంపెనీ 1977లో డ్రైవర్ శిక్షణ మొదలుపెట్టింది.

మోటార్‌సైకిళ్ల వైపు కీత్ కోడ్ 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలు స్థాపించాడు. అప్పటిదాకా ‘గట్స్’ అనుకున్న విద్యను విడివిడి మెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకు ఒక్కో కసరత్తు పెట్టడం ఆయన పద్ధతి. అమెరికాలోనే కార్ల క్లబ్బులు మరో దారి తొక్కాయి. సభ్యుడు సొంత కారు తెస్తాడు, పక్క సీట్లో అనుభవజ్ఞుడైన ఇన్‌స్ట్రక్టరు కూర్చుంటాడు. స్కూలు దారి, క్లబ్బు దారి అన్న చీలిక అక్కడిదే. ఈనాటి వాదం దాని కొనసాగింపే.

మన దేశంలోనూ కథ రన్‌వే మీదే మొదలైంది. 1953లో ఏర్పడ్డ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, యుద్ధకాలపు షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాలపాటు రేసులు నడిపింది. తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్లు, 12 మలుపుల సొంత ట్రాక్ 1990లో తెరుచుకుంది. కోయంబత్తూరులో రేసరు కరివర్ధన్ పేరు మీద 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే వచ్చింది. 2011లో గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ వచ్చి 2013 దాకా మూడు ఫార్ములా వన్ రేసులు చూసింది. మనవాళ్లలో ఫార్ములా వన్ దాకా వెళ్లిన మొదటివాడు నరైన్ కార్తికేయన్. ఆయన 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ స్కూల్లో నేర్చుకుని, 2005లో జోర్డాన్ జట్టులో కారెక్కాడు. అప్పట్లో బడి కోసం సముద్రం దాటాల్సి వచ్చింది. ఇప్పుడు శ్రీపెరంబుదూరులో, కోయంబత్తూరులో బైకులకీ కార్లకీ శిక్షణలు నడుస్తున్నాయి.

## నాలుగు పక్షాలు

స్కూలు ముందు. వీళ్ల వాదం సూటిగా ఉంటుంది. తప్పు అలవాటు పడ్డాక మాన్పించడం కష్టం కాబట్టి మొదటి రోజే సరైనది పడాలంటారు. చిన్న లెక్క వేస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. ఇరుంగాట్టుకోట్టైలో కొత్త రైడరు ల్యాప్‌కి రెండున్నర నిమిషాలు తీసుకుంటాడనుకుందాం. 20 నిమిషాల సెషన్‌లో 8 ల్యాపులు, ల్యాప్‌కి 12 మలుపులు, రోజుకు 5 సెషన్లు. అంటే సాయంత్రానికి 480 మలుపులు. చూసి చెప్పేవాడు లేకపోతే ఒకే తప్పును 480 సార్లు సాధన చేసినట్టు. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. స్కూలు బండి పడిపోతే కట్టాల్సిన మొత్తం ముందే రాసి ఉంటుందన్నది వీళ్ల రెండో వాదం. ఈ దారిలో లోపమూ ఉంది: రుసుము ఎక్కువ, రోజులు తక్కువ, స్కూలు బండికి అలవాటుపడ్డ చెయ్యి సొంత బండి మీద మళ్లీ తడబడవచ్చు.

సొంత బండితో ట్రాక్ డే. ఒడ్డున కూర్చుంటే ఈత రాదన్నది వీళ్ల మాట. ఒక స్కూలు రోజు డబ్బుతో రెండు మూడు ట్రాక్ డేలు దొరకవచ్చు. రోజూ నడిపే బండి స్వభావం అంచుదాకా తెలుస్తుంది, ఆ తెలివిడి రోడ్డు మీదా పనికొస్తుంది. పక్కన మంచి ఇన్‌స్ట్రక్టరు ఉంటే ఈ వాదానికి తిరుగు లేదు. లేకపోతే ఇది 480 మలుపుల లెక్కకే వచ్చి ఆగుతుంది. ఈ పక్షంలో కనిపించే ఇంకో జబ్బు కొనుగోళ్లు. తొలి సెషన్ తిరగకముందే ఎగ్జాస్టు, మెత్తటి టైర్లు, ఈసీయూ ట్యూనింగ్ అయిపోతాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

కార్టింగ్ ముందు. ఫార్ములా వన్ డ్రైవర్లలో దాదాపు అందరూ కార్టింగ్ నుంచి వచ్చినవాళ్లేనని వీళ్లు గుర్తుచేస్తారు. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు, కాబట్టి చక్రం జారడం నేరుగా నడుముకి తెలుస్తుంది. ఖర్చు తక్కువ, హైదరాబాద్ శివార్లలోనే దొరుకుతుంది. పిల్లలకు దీన్ని మించిన దారి లేదు. ముప్పై ఏళ్లు దాటి సొంత కారుతో ట్రాక్‌కి వెళ్లాలనుకునేవాడికి మాత్రం ఇది సగం పాఠమే. బరువు ముందుకీ వెనక్కీ ఊగే కారులో బ్రేకు కథ వేరు. బైకు నేర్చుకునేవాడికి ఇంకా తక్కువ ఉపయోగం.

సిమ్యులేటర్ ముందు. ట్రాక్ ఎటు తిరుగుతుందో, ఎక్కడ బ్రేకు పట్టాలో, జెండాలకు అర్థమేమిటో ఇంట్లోనే వంటబట్టించుకోవచ్చు. బండి పడదు, ఎముక విరగదు. లోపమూ అదే, భయం లేదు. 150 కిలోమీటర్ల వేగంలో మలుపు మీదికి వస్తున్నప్పుడు ఒళ్లు బిగుసుకోవడం, చూపు ముందు చక్రం దగ్గరే ఇరుక్కుపోవడం తెర ముందు జరగవు. స్కూల్లో మొదటి పూటంతా దిద్దేది సరిగ్గా ఆ బిగువునే, ఆ చూపునే.

## బ్రేకు ఎప్పుడు వదలాలి

దారి తేలినా, ఏ గురువు అన్న ప్రశ్న మిగులుతుంది. ఇక్కడ సిద్ధాంతంలోనే భేదం ఉంది, బైకుల దగ్గర అది బాగా ముదిరింది. కీత్ కోడ్ సంప్రదాయం థ్రాటిల్ చుట్టూ తిరుగుతుంది. వేగం ముందే తగ్గించుకో, ఒకే కదలికతో బండిని వంచు, వంగిన వెంటనే థ్రాటిల్‌ని మెల్లగా, ఆపకుండా తెరుస్తూ పో. అలా చేస్తే బరువు వెనక చక్రం వైపు జరిగి బండి నిలకడగా ఉంటుంది. ఆ స్కూలు మొదటి స్థాయి పాఠాల్లో థ్రాటిల్ నియంత్రణ, మలుపు మొదలుపెట్టే చోటు, చురుగ్గా వంచడం, రైడరు అనవసరపు కదలికలు మానడం, రెండంచెల చూపు వరసగా వస్తాయి.

అమెరికాలోనే నిక్ యీనాష్ అన్న కోచ్ పేరుతో ముడిపడ్డ మరో సంప్రదాయం బ్రేకు చుట్టూ తిరుగుతుంది. మలుపులోకి దిగుతూ కూడా ముందు బ్రేకును కొంచెం కొంచెంగా వదలమంటుంది. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ముందు చక్రం మీద బరువుంటే పట్టు పెరుగుతుంది, బండి సులువుగా తిరుగుతుంది, మలుపు మధ్యలో ఏదైనా అడ్డొస్తే వేలు అప్పటికే బ్రేకు మీద ఉంటుంది. రోడ్డు మీద గేదె అడ్డొచ్చే మన దేశంలో ఈ చివరి మాటకు విలువ ఎక్కువ.

మొదటి పక్షం ట్రెయిల్ బ్రేకింగ్‌ని నిషేధించదు, రెండో పక్షం థ్రాటిల్ నునుపుని కాదనదు. ముందు ఏది నేర్పాలన్నదే తగువు. కార్ల బడుల్లో సాధారణంగా మొదట తిన్నగా ఉన్నచోట బ్రేకింగ్ పూర్తిచేయించి, తర్వాతే ట్రెయిల్ బ్రేకింగ్ చెబుతారు. రెండు వైపులా ఒప్పుకునే సంగతులు మూడు: చూపు దూరంగా ఉండాలి, చేతులు వదులుగా ఉండాలి, దేన్నీ కుదుపుతో చేయకూడదు. కొత్తవాడు మొదటి ఏడాది ఒక సంప్రదాయాన్నే పట్టుకోవడం మేలు. ఉదయం ఒకరి పాఠం, సాయంత్రం ఇంకొకరి వీడియో అయితే చెయ్యి ఎటూ కాకుండా పోతుంది.

## బ్రేకు పెడల్ కింద ఏం జరుగుతుంది

సొంత బండి పక్షం తేలిగ్గా తీసుకునే విషయాన్ని ఒకదాన్ని దగ్గర్నుంచి చూద్దాం. 1,000 కిలోల కారు 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గితే దాదాపు 730 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. గాలి కొంత లాక్కున్నా, ఎక్కువ భాగం బ్రేకు డిస్కుల్లో వేడిగా మారుతుంది. 30 డిగ్రీల నీటిని రెండున్నర లీటర్లు మరగబెట్టడానికి ఆ వేడి చాలు. రోడ్డు మీద అలాంటి బ్రేకు నెలకోసారి పడుతుందేమో. ట్రాక్ మీద నిమిషానికోసారి పడుతుంది, డిస్కుకి చల్లారే వ్యవధి ఉండదు.

ఆ వేడి ప్యాడ్ గుండా కాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. డ్రైవరు తొక్కిన పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. రెండేళ్లుగా ఆయిల్ మార్చని కారు షోరూమ్ సర్వీసులో పాసై, ట్రాక్ మీద నాలుగో ల్యాప్‌లో ఫెయిలయ్యేది ఇందుకే. ఎగ్జాస్టు కొనే డబ్బులో చిన్న వంతు కొత్త బ్రేక్ ఆయిల్‌కి, మంచి ప్యాడ్లకి పెడితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. బండ్లను లోపలికి పంపేముందు తనిఖీ చేయని ట్రాక్ డేకి వెళ్లకపోవడమే మంచిది.

## పక్కపక్కన పెడితే

- స్కూలు, స్కూలు బండి: దిద్దుబాటు ఎక్కువ, సొంత బండికి ముప్పు లేదు. ఖర్చు ఎక్కువ, సీట్లు తక్కువ. తొలిసారి వెళ్లేవాళ్లకు తగినది.
- స్కూలు, సొంత బండి: దిద్దుబాటు ఉంది, బండి స్వభావం తెలుస్తుంది. నష్టం మనదే. కొంత రోడ్డు అనుభవం, మంచి కండిషన్‌లో బండి ఉన్నవాళ్లకు తగినది.
- ట్రాక్ డే, ఇన్‌స్ట్రక్టరు సాయంతో: ఖర్చు మధ్యస్థం. ఫలితం పూర్తిగా ఆ ఇన్‌స్ట్రక్టరు మీద ఆధారం.
- ట్రాక్ డే, ఒంటరిగా: రుసుము తక్కువ, తప్పుల ఖరీదు ఎక్కువ. ఒక స్కూలు రోజు అయ్యాక, నేర్చుకున్నది సాధన చేయడానికి తగినది.
- కార్టింగ్: చవక, దగ్గర, పోటీ రుచి తెలుస్తుంది. పిల్లలకు మొదటి మెట్టు, పెద్దలకు పక్క మెట్టు.
- సిమ్యులేటర్: ట్రాక్‌నీ జెండాల్నీ ముందే వంటబట్టిస్తుంది. దేనికీ ప్రత్యామ్నాయం కాదు.

## తేలని ప్రశ్నలు

ట్రాక్ మీద నేర్చినవాడు రోడ్డు మీద క్షేమంగా ఉంటాడా? ఉంటాడని స్కూళ్లు ధీమాగా చెబుతాయి. పరిశోధనలు అంత ధీమాగా లేవు. అమెరికాలో 1974లో విలియమ్స్, ఓనీల్ రేస్ లైసెన్సు ఉన్నవాళ్ల రోడ్డు రికార్డులు చూస్తే, మామూలు డ్రైవర్ల కన్నా వీళ్లకే ప్రమాదాలూ చలాన్లూ ఎక్కువగా కనిపించాయి. నార్వేలో జారుడు రోడ్డు శిక్షణను తప్పనిసరి చేశాక, 1988లో వచ్చిన గ్లాడ్ అధ్యయనంలో యువకుల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్టు తేలింది. స్వీడన్‌లో గ్రెగర్సెన్ 1996లో రెండు జట్లను పోల్చాడు. అత్యవసరంగా బ్రేకు పట్టి అడ్డును తప్పించే నైపుణ్యం నేర్పిన జట్టు తన సామర్థ్యాన్ని ఎక్కువగా ఊహించుకుంది. తమ హద్దులు తెలుసుకునేలా నేర్పిన జట్టులో ఆ భ్రమ తక్కువ.

స్కూళ్ల తరఫునా ఒక జవాబుంది. రేసు లైసెన్సు తీసుకున్నవాళ్లు మొదటినుంచీ వేగం మీద మోజున్నవాళ్లు కావచ్చు, వాళ్లని చూసి శిక్షణను తప్పుపట్టలేం. ఇది ఆలోచించదగ్గ మాటే. కానీ నార్వే, స్వీడన్ ఫలితాలకు ఆ జవాబు సరిపోదు. ‘ఇప్పుడు నాకు అదుపు వచ్చింది’ అన్న నమ్మకం, వచ్చిన అదుపు కన్నా వేగంగా పెరుగుతుందన్నది వాటి సారం. మంచి స్కూలును గుర్తుపట్టడానికి ఇదే ఒక కొలమానం: సాయంత్రానికి విద్యార్థి తనకేది రాదో చెప్పగలిగితే ఆ రోజు ఫలించినట్టు.

పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టరు ఉండాలా? తప్పును ఆ క్షణానే పట్టుకునేది ఆయనే. కానీ ఆయన చేతిలో స్టీరింగ్ లేదు, కాలి కింద బ్రేకు లేదు. విదేశాల్లో ఇన్‌స్ట్రక్టర్లు ఇలా ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నాయి. అందుకే కొందరు ముందు కారులో ఇన్‌స్ట్రక్టరు, వెనక వరసగా విద్యార్థులు అన్న పద్ధతికి మారారు. అది క్షేమమే, కానీ ముందున్నవాడికి వెనకవాడి పాదాలు కనబడవు. ఈ బేరం ఇంకా తెగలేదు.

బీమా సంగతేమిటి? మన మోటారు పాలసీల్లో వాడకం పరిమితుల కింద వ్యవస్థీకృత రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ మినహాయింపులుగా రాసి ఉంటాయి. పోటీ లేని ట్రాక్ డే వీటిలోకి వస్తుందా? రాదని రైడరు అంటాడు, వస్తుందని కంపెనీ అనవచ్చు. తెలుగువాళ్లు చాలామంది ఉండే అమెరికాలో ఒక్క రోజుకు ట్రాక్ బీమా కొనే వీలుంది. ఇక్కడ కంపెనీ నుంచి రాతపూర్వకమైన జవాబు లేనంతవరకు బండికి బీమా లేదనుకుని వెళ్లడమే వివేకం.

## తెలుగు నేల నుంచి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది. 2024లో జరగాల్సినది రద్దయింది. పోటీ అయిపోయాక ఆ ట్రాక్ మళ్లీ ట్రాఫిక్ రోడ్డే, నేర్చుకునేవాడికి మిగిలిందేమీ లేదు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లకు శ్రీపెరంబుదూరు కొన్ని గంటల ప్రయాణం. హైదరాబాదు వాళ్లకు దాదాపు 650 కిలోమీటర్లు. సొంత బైకు మీద అంత దూరం వెళ్లి, మర్నాడు అలసిన ఒంటితో ట్రాక్ తిరిగి, పడితే విరిగిన బండితో తిరిగిరావడం లెక్కలో వేసుకుంటే, స్కూలు బండి అద్దె అంత భారంగా కనిపించదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన. వేసవి అయితే లెదర్ సూట్‌లో ఒంట్లో నీరంతా చెమటై పోతుంది. తేదీ ఎంచుకోవడమూ ఎంపికలో భాగమే.

ట్రాక్ దూరమని ఔటర్ రింగ్ రోడ్డు మీద సాధన చేస్తామనే వాళ్లకు చట్టమే జవాబు చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో రేసులకు దిగితే మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

## తీర్పు

నాలుగు పక్షాల్నీ పక్కన పెడితే తేలేది ఒకటే. కొత్తవాడు డబ్బిచ్చి కొనుక్కోవాల్సింది తనను చూసే కన్ను. ట్రాక్ పేరు, బండి సీసీ, సర్టిఫికెట్ అన్నీ దాని తర్వాతివే. ఆ కన్ను స్కూల్లో దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి మొదటి రోజు స్కూలుకి, వీలైతే స్కూలు బండి మీద. రెండో, మూడో రోజు ట్రాక్ డేకి, నేర్చిన పాఠం చల్లారకముందే. రేసు ఆలోచన, ట్రాక్ కోసం ప్రత్యేకంగా బండి కొనే ఆలోచన ఆ తర్వాత.

డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ఈ ఆరు ప్రశ్నలు అడగండి. ఒక్కో కోచ్‌కి ఎంతమంది విద్యార్థులు? రోజులో ట్రాక్ మీద నికరంగా ఎన్ని నిమిషాలు? ప్రతి సెషన్ తర్వాత కోచ్ నాతో విడిగా మాట్లాడతారా? దాటే నియమాలు ఏమిటి? అంబులెన్సు, మార్షల్స్ రోజంతా ఉంటారా? బండి పడితే నేనెంత కట్టాలి? మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ తడుముకునేవాళ్ల దగ్గర, మిగతా జవాబులు ఎంత బాగున్నా, చేరకండి.